పిట్ట ముట్టలేదు

ఆ పొద్దున ఆకాశం తెల్లారినట్టూ లేదు, తెల్లారనట్టూ లేదు. హజీరా కంపెనీల పొగగొట్టాల మీద మసక కమ్ముకుంది. అందులోంచి సూర్యుడు మకిలి పట్టిన రాగిబిళ్లలా పైకి వస్తున్నాడు.

ఖాడీ ఒడ్డున భూదేవి విస్తరి పరిచింది. సముద్రంలోంచి నేల మీదికి చొచ్చుకొచ్చిన ఆ పాయను సూరత్‌లో అందరూ ఖాడీ అనే అంటారు. అన్నం, కోడికూర, గుడ్డు, చేపల పులుసు పెట్టింది. పక్కన ఒక బీడీ కట్ట. అన్నీ లస్మయ్యకు ఇష్టమైనవే.

కంపెనీ మురుగునీళ్ల ట్యాంకులో దిగి, ఊపిరాడక పోయాడు లస్మయ్య. ఇవాళ దినాలు. పోయినవాడి పేర పెట్టిన కూడును కాకి ముడితే ఆత్మ తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు.

నలుగురూ దూరంగా జరిగి నిలబడ్డారు. భూదేవి, కూతురు సంగీత, మరిది పరుశురాం, వాళ్ల ఊరి పెద్దమనిషి బక్కయ్య.

ఉధ్నాలో తమ గది ముందరే పెడదామంది భూదేవి. అక్కడి కాకులు చేతిలో రొట్టె ఎత్తుకుపోయేవి. పరుశురామే వద్దన్నాడు.

“ఐతారం వచ్చిందంటే అన్న గాలం పట్టుకొని గీడికే వస్తుండె వదినా. ఆయన పానం గీడనే తిరుగుతుంటది.”

ఆ మాటకు ఆమెకు ఏడుపొచ్చింది. నిజమే. సూరత్ వచ్చిన కొత్తలో లస్మయ్య సంచినిండా చేపలు తెచ్చేవాడు. తర్వాత్తర్వాత గుప్పెడు. ఈమధ్య ఒట్టి గాలం తెచ్చి గోడకు తగిలించేవాడు. ఇవాళ్టి పులుసులో చేపలు కూడా బజారువే.

పొద్దెక్కింది. కాకి రాలేదు.

బక్కయ్య నడుముకు దోపుకున్న మందు సీసా తీసి విస్తరి పక్కన నాలుగు చుక్కలు వంచాడు. “గీడ మందు బందని దమన్ నుంచి దొంగతనంగ తెప్పిచ్చిన లస్మయ్యా. పోలీసోళ్లు రాకముందే తాగిపోరాదు!”

సంగీత తలెత్తి చుట్టూ చూసింది.

“తాతా, ఇక్కడ ఒక్క కాకి భీ లేదు కదా. ఎక్కడికెళ్లి వస్తది?” అంది సంగీత.

“కాకులు కనవడి వస్తయా బిడ్డా? ఆత్మ తోలుకొస్తది. నోరు మూసుకొని మొక్కు.”

పరుశురాం ముందుకెళ్లి నీళ్లు వదిలాడు. “అన్నా, వదినెను తల్లి లెక్క చూసుకుంట. రా అన్నా.”

రాలేదు.

“బిడ్డను మంచిగ సదివిస్తనయ్యా. నామీద నమ్మకం లేదా?” అంది భూదేవి.

ఆమె ధైర్యమంతా ఒక్క నౌకరీ మీదుంది. లస్మయ్య బదులు ఆ ఇంట్లో ఒకరికి నెలజీతం మీద పక్కా పని ఇస్తానన్నాడు కాంట్రాక్టరు. నేనే చేస్తానంది భూదేవి. ఆ పని ఉంటే ఉధ్నాలో గది ఉంటుంది, సంగీతకు బడి ఉంటుంది. లేకపోతే ఊరికి పోయి అత్తగారి అరుగు మీద బీడీలు చుట్టాలి. పక్కన కూతురూ చుట్టాలి. పరుశురాంది అదే కాంట్రాక్టరు దగ్గర రోజుకూలి.

“ఏందో గట్టి కోరికనే ఉన్నది” అన్నాడు బక్కయ్య. “జర యాద్జేసుకో బిడ్డా. పోయేటప్పుడు ఏమన్న అన్నడా?”

“ఏమంటడు మామా! టిఫిను పట్టుకొని పోయిండు, గంతే.”

పరుశురాం కాలి బొటనవేలితో బురదను కెలికాడు.

“చెప్పాల్నా వద్దా అని ఊకున్న వదినా. నాతోని అంటుండె. నాకేమన్నయితే ఈ కంపెనీ పనిల మీ వదినె దిగొద్దు, ఆమెను, బిడ్డను ఊళ్లె దింపాలె అని.”

“నాతోని ఎన్నడనలే!”

“అన్ని పెండ్లాంతోనే అంటరా?” అన్నాడు బక్కయ్య. “అబద్ధమైతే పిట్ట ఎందుకు ముట్టదు, చెప్పు?”

భూదేవి తలెత్తి చూసింది. ఆకాశంలో నల్లటి చుక్కయినా లేదు. గాలికి కంపెనీ వాసన తప్ప ఇంకేదీ రాలేదు. విస్తట్లో అన్నం ఎండి గవ్వల్లా అయింది. ఒక్క ఈగ వాలినా బాగుండుననిపించింది ఆమెకు. బతికినన్నాళ్లూ ఒక్కసారీ ఆమె మీద అలిగి కూడు మాననివాడు, ఇవాళ ఇంత మొండికేశాడంటే మనసులో ఎంత ఉందో!

ఆమె విస్తరి దగ్గరికి పోయి వంగి మొక్కింది.

“సరేనయ్యా. పోతం. ఊరికే పోతం. నౌకరి నీ తమ్ముడే చేసుకుంటడు. ఇగనన్న ముట్టు.”

“అమ్మా! నా స్కూలు?” సంగీత ఆమె కొంగు పట్టి లాగింది.

భూదేవి వెనక్కి చూడలేదు.

పోటు ఎక్కింది. డికాషన్ రంగు నురుగు పాకుతూ వచ్చి విస్తరిని లేపి, ఒక చుట్టు తిప్పి, లోపలికి తీసుకుపోయింది.

“గంగనే అందుకున్నది!” బక్కయ్య చేతులు జోడించాడు. “లస్మయ్య మనసు సల్లవడ్డది. కూసోండ్రి, ఇంత తిందం.”

బురద లేనిచోట గోనెపట్టా పరుచుకుని నలుగురూ కూర్చున్నారు. సంగీత మెతుకులు లెక్కపెడుతున్నట్టు కెలుకుతోంది. భూదేవి ముద్ద కలిపింది, మింగింది, మళ్లీ కలిపింది.

వదినె విస్తట్లో ఇంకాస్త పులుసు పోస్తున్న ఆ చేతులతోనే, కంపెనీ నీళ్లకు చచ్చి తేలిన చేపలు తిని ఇదే ఒడ్డున రాలిపడ్డ కాకులన్నింటినీ, మొన్న కాంట్రాక్టరు చెప్తే, పరుశురాం గోనెసంచుల్లోకి ఎత్తి పూడ్చిపెట్టాడు.