ఎర్ర అంకెలు

"ఎంతుందే?" మంచం మీది అత్తగారు ముక్కు దగ్గర గొట్టం సర్దుకుంటూ అడిగింది.

"రెండొందల పది, అత్తయ్యా," అంది కోడలు.

కొత్తగా బిగించిన ఓల్టేజి మీటరులో ఎర్రగా నూట అరవై కనిపిస్తోంది. ఎలక్ట్రీషియన్ కోడలి వంక చూశాడు.

ఆక్సిజన్ మిషన్ మూలిగి ఆగిపోయింది. మీటరూ ఆరిపోయింది.

"ఇదేంటి తమ్ముడూ?" కోడలు గొంతు తగ్గించింది.

"చవకరకం అక్కా. తను కొలిచే కరెంటుతోనే వెలుగుతుంది. మరీ పడిపోతే ఇదీ ఆరిపోతుంది. విడిగా బ్యాటరీతో వెలిగేది దొరుకుతుంది, తెమ్మంటావా?"

"అది పెడితే మిషన్ ఆగదా?"

"మిషన్‌కి దానితో పనిలేదక్కా. ఎంత పడిపోయిందో తెలుస్తుంది, అంతే."

"ఇప్పుడెంత?" అత్తగారు ఎగపోస్తూ అడిగింది.

"రెండొందల ఇరవై. మిషన్ ఇప్పుడే తిరుగుతుంది, అత్తయ్యా."

"ఆరిపోయాక ఇంకా పెరిగిందా? పిచ్చిదానా, అంకెలు కంటికి ఆనవు గానీ, ఎరుపు పోతే నాకు తెలీదా?"

కోడలు మంచం పక్కన కూలబడింది. అత్తగారు ఆమె చెయ్యి వెతికి పట్టుకుంది.

"సర్లే. మళ్లీ చెప్పు, ఎంతుంది?"

కోడలు నల్లగా ఉన్న మీటరు వంక చూసింది.

"రెండొందల ఇరవై, అత్తయ్యా."