దుబాయి సల్లదనం

"చెప్పులు బయట ఇడువున్రి. లోపలికి పోంగనే తలుపు మూయాలె, సల్లదనం బయటికి పోతది."

సారయ్య దర్వాజల నిలబడి ఒక్కొక్కరినే లోపలికి పంపుతున్నడు. తొంభై ఆరు ఎండకాలం అది. సిద్దిపేట రోడ్ల మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటున్నది. అంత ఎండల సుత మగ్గాల వాడల సగం మంది ఆ ఇంటి ముంగట్నే ఉన్నరు. దుబాయి నుంచి సల్లగాలి మిషిన్ వచ్చిందంటే చూడకుండ ఎవరుంటరు మరి.

మిషిన్ అంటే నడుమెత్తు తెల్ల పెట్టె. కింద నాలుగు చక్రాలు, వెనక ఏనుగు తొండమంత గొట్టం. వేడి బయటికి పోవాలని ఆ గొట్టాన్ని మగ్గం అర్ర కిటికీల నుంచి అవతలికి పెట్టిండు సారయ్య. గోడకు బిగించే పనే లేదు, ఏ అర్రల కావాల్నంటే ఆ అర్రలకు నూకుకపోవచ్చు. దుబాయిల ఎండకు ఇనుప చువ్వలు వంచుకుంట, పొద్దుమీకి దుకాణం అద్దాల బయట నిలబడి దీన్ని చూసుకుంట రెండేండ్లు గడిపిండు. ఒక్కనాడన్న దాని గాలి ఒంటికి తాకలేదు. చప్పుడు సుత రాదని దుకాణపాయన చెప్పిండట.

తెచ్చింది తన కోసం కాదు, వదినె కొండవ్వ కోసం. అన్న పోచయ్య పోయినంక ఆమెనే మగ్గం గుంతల కాళ్లు పెట్టుకొని గొల్లభామ చీరెలు నేసి ఈ మరిదిని సాదింది. ఆ గుంత తేమకే ఆమె మోకాళ్లు పట్టేసినయని సారయ్య నమ్మకం. అందుకే మగ్గం ఇప్పి, గుంత పూడ్చి, గచ్చు చేయించి, అండ్ల మంచమేసి వదినెను సల్లగ పండుకోబెడ్తనని తేల్చి చెప్పిండు. మేస్త్రి బాలయ్య పార, తట్ట పట్టుకొని అప్పటికే వాకిట్ల కూసున్నడు.

ఆ గుంత పోచయ్య తన చేతులతోని తవ్విండు. పూడుస్తరన్న మాట వినంగనే కొండవ్వ అడ్డం పడ్డది. మోకాళ్ల నొప్పి గుంతది కాదు, వయసుదని చెప్పి చూసింది. మరిది వింటేనా. ఆయన ప్రేమ ఆయనది, ఏమంటది. ఆఖరికి ఒకటే అడిగింది. ముందుగాల నలుగురిని పిలిచి, అర్ర సల్లబడ్డదో లేదో వాళ్ల నోట చెప్పించు, ఆ తర్వాత నీ ఇష్టం అన్నది. సారయ్య సంబురంగ ఒప్పుకున్నడు.

పొద్దుగాల మిషిన్ స్విచ్ వెయ్యంగనే టప్పున ఫ్యూజు కొట్టింది. మరిది దుబాయి పోయినకాడి నుంచి ఇంట్ల ఫ్యూజు తీగ కట్టుడు కొండవ్వ పనే. దర్వాజ పక్కన బోర్డు కాడికి ఆమెనే పోయి, కొంచెం సేపటికి కొంగు ముడేసుకుంట తిరిగొచ్చి, ఇగ తిప్పుకో మరిదీ అన్నది. సారయ్య తిప్పిండు. ఫ్యాను తిరిగితే సల్లదనం చెదురుతదని అంతకు ముందే ఫ్యాను ఆపిండు, వేడి చేస్తదని కరెంటు బుగ్గ ఆర్పిండు. ఇంకెవ్వరినీ పెట్టెను ముట్టనియ్యలేదు.

కొండవ్వ మాత్రం రోజు లెక్కనే మట్టినేల మీద నీళ్లు చల్లి, గోనె సంచులు తడిపి కిటికీలకు కట్టింది. అర్ర ఎండితే మగ్గం మీద పోగు తెగుతది, అందుకని మగ్గపోళ్ల ఇండ్లల్ల అందరు చేసేదే. మిషిన్ ఉండంగ ఈ నీళ్లెందుకు వదినె అని సారయ్య నవ్విండు. చెయ్యి ఊకోదు, అలవాటు అన్నది.

పక్కింటి పెంటవ్వ ఎండల నుంచి వచ్చి అర్రల అడుగు పెట్టంగనే బొమ్మ లెక్క నిలబడిపోయింది. మొఖం మీది చెమట ఆరిపోతుంటే కండ్లు మూసుకున్నది. చెంగుల కట్టుకొచ్చిన కుంకుమ తీసి పెట్టెకు దూరం నుంచే చూపించి, రెండు చేతులెత్తి మొక్కింది. "దేవుడున్న జాగ లెక్కున్నది కొడుకా" అన్నది మెల్లగ. వాళ్లింట్ల సుత మగ్గం అర్రనే ఉన్నది గని, ఇసొంటి సల్లదనం పుట్టి బుద్ధెరిగినకాడి నుంచి చూడలేదన్నది.

తర్వాత నూలు దుకాణం జానీ పాషా వచ్చిండు. హైదరాబాదుల ఏసీ గదుల కూసున్న మనిషి, ఆయన మాటంటే వాడల అందరికి గురి. గోడకు ఆనుకొని కూసొని, పెట్టె దిక్కు చెవి పెట్టిండు. బయట మగ్గాల టకటక వినబడుతున్నది. ఆ టకటక తప్ప ఇంకో చప్పుడు లేదు.

"సుభానల్లా" అన్నడు ఆఖరికి. "హైదరాబాదుల ఏసీ గొడ్డు లెక్క అరుస్తది సారయ్యా. ఇది ఊపిరి సుత తీస్తలేదు. కశ్మీరు తెచ్చి ఇంట్ల పెట్టినవ్."

సారయ్యకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. రెండేండ్ల ఎండ ఒక్కసారి ఒంట్లకెళ్లి దిగిపోయినట్టున్నది ఆయనకు. వదినె చెయ్యి పట్టుకొని, విన్నవా అన్నడు. బాలయ్యకు సైగ చేసిండు. బాలయ్య తట్టెడు మట్టి ఎత్తుకొని గుంత అంచుకొచ్చి నిలబడ్డడు.

కొండవ్వ గుంతల కాళ్లు పెట్టి కూసున్నది.

"మరిదీ, ఒక్క మాట. గీ సల్లదనం నీ మిషిన్ లేకుండనే వస్తే, గుంత ఉంచుతవా?"

అందరు నవ్విన్రు. సారయ్య సుత నవ్విండు.

"మిషిన్ లేకుండ గిట్లుంటే, పూడ్చుడు కాదు వదినె, దుబాయి ఇడిసిపెట్టి నేనే నీ పక్కన కూసొని నేస్త. పాషా భాయ్ సాక్షి."

"మాట తప్పవు గద?"

"అన్న మీద ఒట్టు."

కొండవ్వ కొంగుముడి విప్పి, పొద్దుగాల బోర్డు నుంచి పీకిన ఫ్యూజును సారయ్య చేతుల పెట్టింది.