ఈలకు దిగని లకుముకి

గోదావరి సముద్రంలో కలిసే చోట, మడ అడవి పార్కులో, సాయంత్రం మరపిట్టల కాపరి నూకరత్నం ఈల వేసింది. మరపిట్టలన్నీ చార్జింగుకు గూళ్లు చేరాయి. ఒక్క లకుముకి మాత్రం కొమ్మ దిగలేదు. చెడిపోయిందనుకుని ఆమె బురదలోకి దిగింది. దగ్గరికెళ్లేసరికి అది చేపపిల్లను గుటుక్కున మింగింది.

నూకరత్నం ఉన్నచోటే ఆగింది. మరపిట్టకు ఆకలెక్కడిది? ప్రాణమున్న పిట్టలు కనుమరుగై ముప్పై ఏళ్లు. కనిపిస్తే పట్టి ప్రయోగశాలకు పంపాలి. దాస్తే ఉద్యోగం ఊడుతుంది. పోటు నీరు బంగారంలా ఆమె మోకాళ్లను చుట్టుకుంటోంది. పిట్ట ఆమెనే చూస్తోంది.

“ఏటమ్మా రత్నం, నీ ఈలకు విలువ లేకుండా పోయిందే!” చెక్కబాట మీంచి సూపర్‌వైజర్ వీర్రాజు నవ్వాడు. “మొరాయించిందా? పట్రా ఇలాగ.”

“లేదండీ,” అంది నూకరత్నం, చూపు తిప్పకుండా. “దీనికింకా కడుపునిండా చార్జింగుందండి.”