మూడో మలుపు అద్దం

ఊరికి పోయేవాడి పెట్టెను గల్ఫ్‌లోని జిదాఫ్స్ కూలీల క్యాంపులో అందరూ కలిసి తూస్తారు.

బరువెక్కువైతే తీసేయాల్సింది సొంత సామానే. ఇంకొకరు ఇచ్చిన మూటను కాదనడం అక్కడ లేదు. రేపు మన మూట మోయాల్సింది వాళ్లే కదా.

నర్సింగ్ పెట్టెకు తాడు కట్టడం పూర్తయ్యాక అదే గదిలో ఉండే పెద్దాయన లింబాద్రి వచ్చాడు. చేతిలో దుప్పటి చుట్టిన గుండ్రటి వస్తువు ఉంది.

విప్పి చూస్తే అద్దం. మలుపు అవతలి బండి కనిపించడానికి పార్కింగుల్లో పెడతారే, అలాంటి ఉబ్బెత్తు అద్దం.

“కొత్త బండి మీద నిర్మల్ ఘాటెక్కుతనంటివి గదా బిడ్డా. మూడో మలుపుకాడ పోచవ్వని సీతాఫలాలమ్ముతది. ఆమెకియ్యి, ఖంబానికి బిగిపిస్తది. పాతది కోతులు పలగ్గొట్టినయట.”

లింబాద్రి ఒక్కసారి అన్ని మాటలు మాట్లాడటం ఆ గది ఎన్నడూ వినలేదు. బండి నడపడం వచ్చి కూడా, డ్రైవర్ డ్యూటీ ఇస్తామంటే వద్దని ఇసుక తట్టలు మోసే మనిషి. అందుకే అందరూ అతన్ని తిక్కలోళ్లలో జమకట్టారు.

కాక ఘాటు మీద ఇంకో సంసారం పెట్టాడని పక్క మంచం గంగాప్రసాద్ ఆటపట్టించాడు. గదంతా నవ్వింది. లింబాద్రి అద్దాన్ని మళ్లీ దుప్పట్లో చుట్టి నర్సింగ్ ముందు పెట్టాడు.

నర్సింగ్ అద్దం తీసుకున్నాడు. తీసుకోక తప్పదు.

తెల్లవారి అందరూ డ్యూటీకి పోయాక దాన్ని మంచం కిందికి తోశాడు. అద్దం పట్టాల్సిన చేత్తో భార్య కళ అడిగిన మెత్తటి కంబళి పట్టుకుని విమానం ఎక్కాడు.

అతని మనసంతా ఘాటు మీదే ఉంది. ఆరేళ్లుగా చదును ఇసుక తప్ప ఏమీ చూడలేదు. డ్యూటీ నుంచి వచ్చి ఫోన్లో నిర్మల్ ఘాటు వీడియోలు చూసేవాడు. కొత్త బండి, వెనక కళ, ఆ అడవి రోడ్డు. అంతకుమించి అతనికి కోరికేం లేదు.

ఊరు చేరిన వారానికి లింబాద్రి ఫోన్ చేశాడు.

“అద్దం వెట్టిన్రా బిడ్డా?”

“వెట్టినం కాకా. మంచిగ కనవడ్తుంది.”



“సల్లగుండు బిడ్డా. ఇగ నాకు రంది లేదు.”

అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు నర్సింగ్‌కే సిగ్గేసింది. మళ్లీ వచ్చేటప్పుడు తెస్తే సరి అని సర్దిచెప్పుకున్నాడు.

మూడోనాడు గంగాప్రసాద్ ఫోన్ చేశాడు. సఖీర్ సైటులో తట్ట మోస్తూనే లింబాద్రి కుప్పకూలాడట. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందట.

“కాక అద్దం నీ మంచం కిందనే ఉందేందిరా?” అని అడిగాడు చివర్లో.

నర్సింగ్ ఫోన్ పెట్టేశాడు.

ఆ పోచవ్వ ఎవరైనా సరే, కబురు తనే చెప్పాలనుకున్నాడు. కొత్త బండి మీద కళను ఎక్కించుకుని ఘాటు దారి పట్టాడు.

వాన కడిగిన టేకు చెట్లు. బండ మీంచి సన్నగా జారుతున్న నీళ్లు. కింద లోయ నిండా మబ్బు. మొదటి మలుపు దాటేసరికి గుండెలో బరువు తగ్గింది. రెండో మలుపులో కళ అతని భుజం పట్టుకుని నవ్వింది. అతనూ నవ్వాడు. వచ్చిన పని ఒక్క నిమిషం మరిచిపోయాడు.

మూడో మలుపులో బస్సు ఎదురొచ్చింది.

హ్యాండిల్ తిప్పేశాడు. బండి జారి రోడ్డు పక్క కంకర మీద పడింది. బస్సు ఆగకుండా పోయింది. కళ మోచెయ్యి చెక్కుకుపోయింది. ఆమె పడ్డచోటికి జానెడు అవతల లోయ.

ఒక ముసలామె సీతాఫలాల గంప వదిలేసి ఉరికొచ్చింది. కొంగు చింపి కళ చేతికి కట్టు కట్టింది.

“అద్దమున్నన్ని దినాలు ఈడ ఎవ్వరు వడలే బిడ్డా. గిప్పుడు ఉత్త ఖంబమే మిగిలింది. దుబాయికెల్లి లింబాద్రి కొత్తది పంపుతనని కబురు వెట్టిండు. దానికోసమే చూస్తున్న.”

నర్సింగ్ ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. అద్దం వదిలేసి వచ్చింది తనేనని చెప్పాడు. లింబాద్రికి అబద్ధం చెప్పానని, ఇప్పుడు అతను లేడని చెప్పాడు. ఏడ్చాడు.

పోచవ్వ ఉత్త ఖంబం వైపు చాలాసేపు చూసి, చిరిగిన కొంగుతో కళ్లొత్తుకుంది.

“నీకేమైతడవ్వా ఆయన?” మెల్లగా అడిగింది కళ.

“ఏం గాడు బిడ్డా. పన్నెండేండ్ల కింద గీ మలుపుల నా కొడుకు మీదికెల్లి పోయిన లారీని ఆయనే తోలిండు.”