తెలిసినాయన సంగతి

మధ్యాహ్నం జుహర్ నమాజు ముగిసేదాకా అతను తెనాలి మసీదు మెట్ల పక్కనే కూర్చున్నాడు. తల మీద చేతిరుమాలు కట్టుకున్నాడు. గడ్డం మాసింది. కళ్ళు చూస్తే ఈ మనిషి నిద్రపోయి ఎన్నాళ్ళయిందో అనిపిస్తుంది.

జనం వెళ్ళిపోయాక ఇమాం హజ్రత్ బయటికి వచ్చారు. సలాం చెప్పి ఉర్దూలో ఏదో అడిగారు. అతను తడబడ్డాడు. ఈ వైపు దూదేకుల సాయిబుల్లో చాలామందికి ఇంట్లో కూడా తెలుగే. హజ్రత్‌కి అది కొత్త కాదు. వెంటనే తెలుగులోకి దిగారు.

"లోపలికి రాలేదేం భాయ్?"

"బార్లోంచి నేరుగా వస్తున్నానండి. ఈ బట్టలతో ఎలా రాను?"

హజ్రత్ మొహం కొంచెం మారింది. అయినా కూర్చోమన్నారు.

"తెలిసినాయన ఒకాయనండి," అన్నాడతను. "ఈ ఊళ్ళోనే బార్లో మేనేజరు."

మసీదుకు ప్రశ్నతో వచ్చే ప్రతివాడికీ ఇలా తెలిసినాయన ఒకడు ఉంటాడు. తాగుడు మానలేనిదీ ఆయనే, వడ్డీకి తిప్పేదీ ఆయనే. పాపం, ఆ తెలిసినాయన చెయ్యని తప్పంటూ లేదు. హజ్రత్ నవ్వు ఆపుకుని వినసాగారు.

"చుక్క ముట్టడండి. ఒక్క పూట నమాజు తప్పడు. నమాజుకి వేరే చొక్కా. దాన్ని బారు గుమ్మం కూడా తొక్కనివ్వడు. పక్కన సైకిల్ షాపులో మేకుకి తగిలిస్తాడు, అక్కడే మార్చుకుని మసీదుకి పోతాడు. అలాంటాయన సంపాదన కూడా హరామేనాండి?"

"చొక్కా మారిస్తే పని మారుతుందా భాయ్? సారాయి విషయంలో తాగేవాడొక్కడే కాదు. పోసేవాడు, మోసేవాడు, అమ్మేవాడు, ఆ డబ్బు తినేవాడు, అందరికీ పాపమే. మానెయ్యమను. తప్పు ఒప్పుకుని తౌబా చెయ్యమను. ఊపిరి ఉన్నంతవరకూ అల్లా ఆ తలుపు మూయడు."

"ఊపిరి పోతేనండి?"

"అంతదాకా ఎందుకు? నిక్షేపంలా ఉన్నావు. రేపే మానెయ్."

అతను తలూపి లేచాడు. ఇంటికి పోలేదు. స్టేషన్‌కి నడిచి బాపట్ల వైపు పోయే రైలెక్కాడు.

బాపట్ల ఇమాం కుర్రవాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, అంతా విన్నాడు. ఈయన కాస్త మెత్తగా చెప్పాడు. ఇల్లు గడవని స్థితిలో ఉన్నవాడు, వేరే పని దొరికేదాకా, ఇష్టం లేకుండానే చేస్తుంటే దానికి కొంత సడలింపు ఉందన్నాడు. అయితే వెతుకులాట నిజమైనదై ఉండాలన్నాడు.

"వెతికాడండి. మానేస్తానని ఎన్నోసార్లు అన్నాడు. బస్టాండు దగ్గర జ్యూస్ షాపు పెట్టుకుంటానని స్థలం కూడా చూసుకున్నాడు. యజమాని కదలనివ్వలేదు. ఈ పెళ్ళిళ్ళ సీజన్ పోనీ, ఆ న్యూ ఇయర్ పోనీ అంటూ ఆపేశాడు."

"బెదిరించాడాండి?"

"లేదండి. బతిమాలాడు. ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు. కాదనలేకపోయాడు."

"అయితే అది బలవంతం కిందికి రాదండి."

అతను గ్లాసు కింద పెట్టాడు.

"పోనీ, ఆ పాపం యజమాని నెత్తిన వేస్తే కుదురుతుందాండి? మొత్తం?"

ఇమాం జాలిగా చూశాడు.

"ఒకరి బరువు ఇంకొకరు మోయరండి. అది ఖురాన్ మాట. ఆయనది ఆయనదే, మీది మీదే."

రేపల్లె బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. బయట ఏమీ కనబడలేదతనికి. నగరం ఊరు దాటిందీ తెలియలేదు. ఇంటినుంచి ఫోన్ మోగింది, తీయలేదు. తీసి ఏం చెప్పాలి? ఒళ్ళంతా పులిసిపోయి ఉంది. ఇన్నాళ్ళ అలసట ఒకెత్తు, ఇందాక విన్న ఆ ఒక్క మాట ఒకెత్తు. మోస్తానన్నా మోయనివ్వరన్నమాట. దిగి తిరుగు బస్సు ఎక్కేద్దామా అనుకున్నాడు. కాళ్ళు మాత్రం మసీదు దారి పట్టాయి.

రేపల్లె ఇమాం బాగా పెద్దాయన. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వరండాలో గోడకి చేరగిలబడి ఉన్నారు. తెలిసినాయన సంగతి మొదటినుంచీ చివరిదాకా విన్నారు. నవ్వలేదు. మధ్యలో అడ్డురాలేదు.

"నేనేమీ ఫత్వాలిచ్చే ముఫ్తీని కాదు నాన్నా," అన్నారు చివరికి. "తప్పు తప్పే. ఒప్పని నేను చెప్పలేను. కానీ మానాలని లోపల ఎంత కొట్టుకున్నాడో పైవాడికి తెలియకుండా ఉంటుందా? క్షమించడం ఆయన పని. అడగడం వరకే మనది."

"ఎవరడిగినా వింటాడాండి?"

"వినకేం?"

అతను తల మీది రుమాలు లాగి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పొద్దున్నించీ ఆపుకుంటున్న ఏడుపు, పరాయి ఊళ్ళో, పరాయి మనిషి ముందు బయటపడింది. పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేశారు.

"మగ్రిబ్ నమాజు అయ్యాక దువాలో నేను అడుగుతాను. సిగ్గుపడకు. నీ పేరు చెప్పు."

"నా పేరొద్దండి, షేక్ సుభాని అని అడగండి, మొన్న శుక్రవారమే పోయాడు... నేను నరసింహాన్నండి, వాణ్ణి మాననివ్వని ఆ బారు ఓనర్ని."