అక్కడక్కడా అంటే ఎక్కడ?

ఫోన్ సరిగ్గా ఏడుంపావుకి మోగింది.

చేసేదెవరో ఆమెకి తెలుసు. వాతావరణ కేంద్రంలో అందరికీ తెలుసు. ఏడింటికి రేడియోలో ఆ రోజు వాతావరణం చదివిన పావుగంటకల్లా ఆ బొంగురు గొంతు వినబడాల్సిందే.

"అమ్మాయ్, అక్కడక్కడా గాలివానలన్నారు. అక్కడక్కడా అంటే ఎక్కడ?"

అలా ఆయనకి 'అక్కడక్కడా తాత' అని పేరు పడిపోయింది. సరస్సు అవతలి గట్టు నుంచి చేస్తాడని తప్ప, ఎవరో ఏమిటో ఎవరూ అడగలేదు. పెద్ద సారు మాత్రం ఎంత పనిలో ఉన్నా పటం ముందేసుకుని, మీ వైపు మధ్యాహ్నం దాకా భయం లేదనో, పొద్దున్నే గాలి లేస్తుందనో ఓపిగ్గా చెప్పేవాడు.

ఆ పెద్ద సారు ఈ వారం సెలవు. వారం మొత్తానికీ ప్రాంతీయ అంచనా రాసే పని మొదటిసారి ఆమె నెత్తిన పడింది.

వసంతం వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ మొండికేసింది. ఎండ కాయాల్సిన రోజుల్లో చలి. ఎనిమిదింటికి ఉన్న మబ్బు పదింటికి ఉండదు. పదింటికి లేని గాలి పదకొండింటికి తలుపులు బాదుతుంది. 'చల్లగా, నిలకడ లేకుండా ఉంటుంది' అని రాసి, కొట్టేసి, మళ్ళీ అదే రాసింది.

ఉద్యోగం కొత్త. పెళ్ళి ఇంకా కొత్త, ఐదు వారాలు. భర్త సరస్సు మీద లాంచీ నడుపుతాడు. తెల్లవారుతూనే అవతలి గట్టుకి వెళ్ళి, తొమ్మిదింటికి జనాన్ని ఎక్కించుకుని తిరిగొస్తాడు.

"వాతావరణం గారూ, ఇవాళ గొడుగు ఇస్తారా, దీవెన ఇస్తారా?" అని గుమ్మంలో నిలబడి అడిగేవాడు. ఆమెకి నవ్వొచ్చేది. లోపలెక్కడో కలుక్కుమనేది కూడా. అతని స్వెటరే తొడుక్కుని ఆఫీసుకి వచ్చేది. చేతులు వేళ్ళు దాటి వేలాడేవి. మడవబుద్ధి అయ్యేది కాదు.

ఆ పొద్దున ప్రధాన కార్యాలయం నుంచి సవరణలు రావాలి. ఉన్నది ఒకటే లైను. అది మోగగానే సవరణలే అనుకుని అందుకుంది. తీస్తే అక్కడక్కడా తాత.

"తాతగారూ, ఈ లైను ఖాళీగా ఉంచాలండీ. ఇవన్నీ ఇప్పుడు సెల్‌ఫోన్లలోనే వస్తున్నాయి. గంట గంటకీ, ఏ ఊరిది ఆ ఊరికి."



"అందరికీ వస్తుందా తల్లీ?"

"అందరికీ."

"అయితే మంచిదే. ఇంక విసిగించన్లే."

పెట్టేశాక ఆమెకి మనసు కాస్త పీకింది. అంతలో సవరణలు వచ్చాయి. మర్చిపోయింది.

మర్నాడు ఏడుంపావుకి ఫోన్ మోగలేదు. హమ్మయ్య అనుకుంది.

తొమ్మిదికి పది నిమిషాలుండగా రాడార్ తెర మీద పడమటి కొండల వెనక ఎర్రటి మచ్చ కనబడింది. చూస్తుండగానే ఉబ్బుతోంది. కంగారుగా ఏడింటి పటం తీసింది. అందులోనూ ఉంది, ఆవగింజంత. ఆ మూల చూడమని అడిగినవాళ్ళు లేరు. ఆమె చూడలేదు.

హెచ్చరిక పంపించి భర్తకి ఫోన్ చేసింది. అందుబాటులో లేరంది. ఎలా ఉంటాడు? అవతలి గట్టున సెల్‌ఫోన్ పలకదని పెళ్ళయిన మొదటి వారమే తెలుసుకుంది. నిన్న మాత్రం ఆ సంగతి గుర్తు రాలేదు.

రేవు ఆఫీసుకి చేస్తే, అవతల టికెట్ల గదిలో ఒకే ఒక్క ఫోన్ ఉందనీ, మోగుతోంది గాని ఎవరూ తీయడం లేదనీ చెప్పారు.

తొమ్మిదీ అయిదుకి కిటికీలు కొట్టుకోవడం మొదలైంది.

పక్క కుర్చీ అతనికి పని అప్పజెప్పి రేవుకి పరిగెత్తింది. సరస్సు కనబడలేదు. చూసిన చోటల్లా తెల్లటి నురగ, వాన. కాలుగాలిన పిల్లిలా ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగింది. ఎవరో లోపలికి వచ్చి కూర్చోమన్నారు. ఎవరో టీ ఇచ్చారు. అది చేతిలోనే చల్లారిపోయింది.

పన్నెండున్నరకి లాంచీ వచ్చింది. ఒక పక్కకి ఒరిగిపోయి, అద్దాలన్నీ పోయి.

జనం ఒక్కొక్కరే దిగుతుంటే లెక్కపెట్టింది. అందరూ ప్రాణాలతో ఉన్నారు. ఒకావిడ చెయ్యి విరిగింది. అందరికన్నా చివర అతను దిగాడు, ఎడమ చేతికి ఎవరిదో తువ్వాలు చుట్టుకుని.

ఆమె అతని తడిసిన చొక్కా పట్టుకుని నిలబడింది.

"వాతావరణం గారూ," అన్నాడు, చలికి పళ్ళు టకటకలాడుతుంటే. "ఇవాళ మీవాళ్ళు ఎర్రగుడ్డ కట్టలేదేం?"

"ఏ ఎర్రగుడ్డ?"

"అవతలి రేవులో. గాలి వచ్చే రోజు స్తంభానికి కట్టి ఉంటుందిగా. అది కనబడితే మేం కదలం. మీ ఆఫీసు వాళ్ళే కట్టిస్తున్నారనుకున్నా."

తమ ఆఫీసులో అలాంటి ఏర్పాటేదీ లేదంది ఆమె.

అవతలి గట్టు నుంచి లాంచీలోనే వచ్చిన టికెట్లాయన పంచె పిండుకుంటూ తలెత్తాడు.

"ఆఫీసూ లేదు, ఏమీ లేదమ్మా. రేవు కాపలా ఉద్యోగం తీసేసి తొమ్మిదేళ్ళయినా ముసలాయన ఆ పని మానలేదు. రోజూ మా గదిలోంచి ఎవరికో ఫోన్ చేసి కనుక్కుని మరీ కట్టేవాడు. నిన్న ఫోన్ పెట్టేసి, ఇంక అందరికీ సెల్‌ఫోన్లలోనే తెలిసిపోతుందట, మనం నిశ్చింతగా ఉండొచ్చు అని నవ్వుకుంటూ చెప్పి, ఇవాళ తొలి బస్సుకి కూతురి ఊరు వెళ్ళిపోయాడు."