మార్చిన సీను

అన్యాయం ఎవరికి జరిగింది? కనకకు. ఎలా జరిగింది? ఒక నవలలోని నూట పన్నెండో పేజీలో.

ముగ్గురు అక్కచెల్లెళ్ల కథ అది. నేతపని వారి ఇల్లు. తల్లి లేదు. నర్సు ట్రైనింగుకు రమ్మని పెద్దక్కకు ఉత్తరం వస్తుంది. మధ్యలో పుట్టిన నడిపిది, కనక, ఓర్వలేక ఆ ఉత్తరాన్ని పొయ్యిలో పెడుతుంది. పెద్దక్క చదువు అక్కడితో ఆగిపోతుంది. నలభై ఏళ్లుగా జనం ఆ పేజీ చదువుతూనే ఉన్నారు, కనకను తిడుతూనే ఉన్నారు.

"ఇది మా ఊళ్లో ఒక ఇంటి కథే. పేర్లు మాత్రం మార్చాను" అని, ఎవరూ ఎన్నడూ చూడని రచయిత్రి హరిణి ముందుమాటలో రాసింది. ఆ ఒక్క మాట చాలింది. జమ్మికుంటలో ఆ ఇల్లు ఏదో కనిపెట్టడానికి జనానికి వారం పట్టలేదు. పెళ్లయి నస్పూరులో ఉన్న అసలు పెద్దక్క ఆ పుస్తకం చదివింది. ఇంటికి వచ్చిన తన నడిపి చెల్లెలి ముఖం మీద తలుపు వేసింది. ఉత్తరం ఏమైందో తనకు తెలియదని ఆమె ఎంత మొత్తుకున్నా, అచ్చులో ఉన్నది అబద్ధమవుతుందా అన్నారు. పెద్దక్క ప్రాణం పోయేదాకా ఆ తలుపు తెరుచుకోలేదు.

ఇప్పుడు ఆ నవల సినిమాగా వచ్చింది.

డెబ్బై ఏళ్ల వినోద హుస్నాబాద్‌లో మొదటి బస్సు ఎక్కి కరీంనగర్ వచ్చి, ఉదయం ఆటకు టికెట్టు కొనుక్కుంది. హాలులో ఆమె తెరను చూసినదానికంటే జనాన్ని చూసిందే ఎక్కువ.

ఉత్తరం సీను వచ్చింది. తెర మీద కనక పొయ్యి దగ్గరకు రానే లేదు. పన్నెండేళ్ల చిన్న చెల్లెలు వచ్చింది. అక్క వెళ్లిపోతే తనకు జడ ఎవరు వేస్తారని ఏడ్చింది. ఉత్తరాన్ని మంటలో పెట్టింది.

హాలంతా ఈలలు, కేకలు.

"గిదేంది? కాల్చింది కనక గదా!"

"పైసలు వాపసియ్యుండ్రి!"

వెనక వరుసలో నుంచి ఎవరో పాప్‌కార్న్ డబ్బా విసిరారు. అది తెరకు తగిలి కింద పడింది. వినోద కదలలేదు.

ఆట వదిలేసరికి గేటు దగ్గర లైబా మైకు, కెమెరా పట్టుకుని సిద్ధంగా ఉంది. యూట్యూబ్ చానల్ నడిపే పిల్ల. సినిమా ఎలా ఉందని వచ్చినవాళ్లనల్లా అడుగుతోంది.

"సినిమానా గది? ఖూనీ!" రిటైరైన తెలుగు లెక్చరర్ ఓంప్రకాశ్ ఊగిపోయాడు. "ముప్పై ఏండ్లు పిల్లలకు గా నవల చెప్పిన నేను. కనక కాల్చకుంటే ఇంక కథ యాడుంది? హరిణి గారు బతికుంటే వీండ్లను కోర్టుకు గుంజుతుండె!"

"మా అవ్వయితే కనక పేరు పెట్టే తిడుతుండె మమ్ముల," అంది పక్కనున్న మమతారాణి. "చెల్లెది చాక్లెట్ దాస్తే, ఓసి కనకా అని ఈపుల ఒక్కటి గుద్దుతుండె. ఇప్పుడు కనక మంచిదంటే నేను తిన్న గుద్దులు ఎవరు వాపసు తీసుకుంటరు?"

జనం గొల్లుమన్నారు. లైబా నవ్వాపుకుంటూ మైకు వినోద వైపు తిప్పింది.

"నానమ్మా, మీరు చెప్పుండ్రి."

"సినిమా సరిగ్గనే ఉన్నది. పుస్తకమే తప్పు."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"అమ్మా, మీరసలు పుస్తకం చదివిండ్రా?" ఓంప్రకాశ్ గొంతులో వెటకారం.

"మీకంటె ఎక్కువసార్లు చదివిన."

"అట్లనా! మరి ఎవరో పెద్దామె డైరెక్టర్ వెంటబడి గీ సీను మార్పించిందని పేపర్ల వచ్చింది. అదన్న ఎరికేనా?"

"ఎరికే. గామెను నేనే. రెండేండ్లు తిరిగిన."

గుంపు దగ్గరకు జరిగింది. ఓంప్రకాశ్ ఆమెను ఎగాదిగా చూశాడు.

"మీది యే ఊరు?"

"పుట్టింది జమ్మికుంట."

అతని చూపుడువేలు లేచింది. "అంటే గా కనకవు నువ్వేనన్నట్టు!"

అంతే. మర్యాద అక్కడితో సరి.

"షరం లేదా ముసల్దానా? అక్క బతుకు బుగ్గి చేసి, ఇప్పుడు పాపమంత చిన్నపోరి నెత్తిన రుద్దుతవా?"

"నస్పూర్ల గామె కుమిలి కుమిలి సచ్చిందట! నువ్వు సినిమా చూడవస్తివా?"

నీళ్ల సీసా ఒకటి వచ్చి వినోద భుజానికి తగిలింది. ఆమె కాదనలేదు, తప్పుకోలేదు. ఆ మాటల్లో కొత్తది ఒక్కటీ లేదు. జమ్మికుంటలో నల్లా దగ్గర, పెళ్లి పందిళ్లలో, చావు ఇళ్లలో నలభై ఏళ్లుగా అవే మాటలు. వాటిలో ఒక్కటి కూడా జారిపోకూడదన్నట్టు, తల ఎత్తి అన్నీ వింది.

"పోనీయుండ్రి, పెద్దమనిషి," అంది మమతారాణి మెల్లగా. ఎవరూ వినిపించుకోలేదు.

లైబాకు భయం వేసింది. కెమెరా దించబోయింది.

"దించకు బిడ్డా," అంది వినోద. "ఇది జమ్మికుంటల కూడ కనబడుతదా?"

"ఫోనున్న ప్రతి ఇంట్ల కనబడుతది నానమ్మా. కానీ నేను పెట్ట. మిమ్ముల ఇంకింత తిడుతరు."

"పెట్టు. మొత్తం పెట్టు. ఒక్క మాట కూడ తియ్యొద్దు."

గుంపు కాస్త నెమ్మదించింది. ముసలిది ఇక ఏడుస్తుందనో, కాళ్లు పట్టుకుంటుందనో ఎదురుచూసింది.

వినోద మైకును తన చేతిలోకి తీసుకుని, కెమెరాలోకి సూటిగా చూస్తూ, నలుగురిలో లాక్కున్న పరువును నలుగురిలోనే పూర్తిగా తిరిగి ఇచ్చేసింది: "నడిపక్కా, గా ఉత్తరం కాల్చింది నీ చిన్న చెల్లెను నేనే, హరిణి అని పేరు పెట్టుకొని అది నీ మీద రాసింది కూడ నేనే."